గుంపు దారి దగ్గర ఆగని బస్సు

డిపోలో కొత్తగా కండక్టర్లుగా చేరిన ఆడపిల్లలు నలుగురు మొన్న మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగుతూ ఒకమ్మాయి అడిగింది: "పెద్దమ్మా, ఇన్నేండ్ల సర్వీసుల నీకు మెమో ఏమన్న వచ్చిందా?" ఒకటి వచ్చిందన్నాను. ఎందుకో చెప్పమన్నారు. చెప్పడం మొదలుపెట్టేసరికి వాళ్ళ డ్యూటీ టైమయింది. సగం చాయ్ వదిలేసి పరుగెత్తారు. అందుకే ఇది రాస్తున్నాను. బస్టాండులో టైము కోసం కూర్చున్నప్పుడు చదువుకోండి.

కండక్టరుగా నా చివరి నాలుగేళ్ళు అడవి రూటులో గడిచాయి. ఆ పొద్దుటి సర్వీసు అంటే డిపోలో ఎవరికీ ఇష్టం లేదు. చీకటి ఉండగానే బయలుదేరి, అడవి చివరి ఊరి దాకా ఖాళీ బస్సుతో పోవాలి. తెల్లారాక అక్కడి నుంచి జనాన్ని ఎక్కించుకుని, మండల కేంద్రం మీదుగా తిరిగి రావాలి. నాకు మాత్రం ఆ డ్యూటీ పడింది. ఎందుకు పడిందో అడగలేదు. ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుడి కూతురిని. షిఫ్టు అంటే షిఫ్టే అని మా నాయన నేర్పిన చదువు.

నిజం చెప్పాలంటే ఆ ఖాళీ ప్రయాణం నాకు నచ్చింది. డ్రైవరన్న నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, లావుపాటి మనిషి, మాట తక్కువ. ఆయనది ఆ చివరి ఊరే. చర్చిలో పాడే పాట ఒకటి గొంతులోనే పెదవులు కదలకుండా పాడుకుంటూ నడిపేవాడు. నేను ముందు సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చునేదాన్ని. లైట్ల వెలుగులో టేకు చెట్లు ఒక్కొక్కటే మన వైపు నడిచొచ్చి పక్కకు తప్పుకున్నట్టుండేది. ఎండాకాలం వస్తే ఇప్పపూల తీపి వాసన కిటికీల్లోంచి వచ్చి బస్సంతా నిండేది. అప్పుడు నేను నిద్రలోనూ ఉండేదాన్ని కాదు, మెలకువలోనూ ఉండేదాన్ని కాదు. ఒకసారి రోడ్డు మధ్యలో దుప్పి నిలబడి మా వంక చూసింది. ఇంకోసారి తెల్లచీర ముసలమ్మ నెత్తిన బుట్టతో వాగు మీద నడిచిపోయింది. దుప్పిని చూసిన మాట నిజమేనని డ్రైవరన్న అన్నాడు. ముసలమ్మ సంగతి ఆయనకు తెలియదన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఈ కల అంతా చెదిరిపోయేది. ఆడవాళ్ళకు టికెట్టు లేని ప్రయాణం వచ్చిన కొత్త. కూలికి పోయేవాళ్ళు, దవాఖానాకు పోయేవాళ్ళు, బ్యాంకుకు పోయేవాళ్ళు అందరూ ఆ ఒక్క బస్సుకే. మూడో ఊరు దాటేసరికి మెట్ల మీద కూడా కాలు పెట్టే చోటు ఉండేది కాదు. ఆ మూడో ఊరు దాటాక వచ్చేదే గుంపు దారి.

అడవి పక్కన పదీ ఇరవై ఇండ్ల కోయపల్లెను మా వైపు గుంపు అంటారు. రోడ్డు నుంచి గుంపుకు మట్టిదారిలో ఇరవై నిమిషాల నడక. ఆ దారి మొదట్లో, రోడ్డు మీద, రోజూ తొమ్మిది మంది ఆడపిల్లలు నిలబడేవాళ్ళు. గుంపులో బడి ఐదో తరగతి వరకే. ఆ పైన చదవాలంటే పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రానికి రావాలి. మగపిల్లలకు సైకిళ్ళుండేవి, లేకపోతే ఎవరి బండి వెనకో ఎక్కేవాళ్ళు. ఆడపిల్లలను అడవిదారిలో సైకిలు మీద పంపడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. వాళ్ళకు మా బస్సే దిక్కు. కానీ మా కాగితాల్లో గుంపు దారి స్టేజీ కాదు. దయ ఉంటే ఆపాలి, లేకపోతే లేదు.

దయ అన్నమాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు అట్లా అనుకోలేదు. జాగా ఉంటే హోల్డాన్ అనేదాన్ని, లేకపోతే రైట్ అనేదాన్ని. అంతే.

ఆ వానాకాలం ఒక పొద్దున ముసురు పట్టింది. నాట్లకు పోయే కూలీలు బస్సులో కిక్కిరిసి ఉన్నారు. అప్పటికే ఇరవై నిమిషాలు లేటు. ముందు రోజే లేటు గురించి కంట్రోలరు నలుగురిలో మాటన్నాడు. గుంపు దారి దగ్గర పిల్లలు యూరియా సంచులు నెత్తిన కప్పుకుని నిలబడి ఉన్నారు. డ్రైవరన్న బండి నెమ్మది చేసి అద్దంలోంచి నా వంక చూశాడు. ఆపాలా అని ఆ చూపుకు అర్థం. నేను తాడు పట్టుకుని పోనిమ్మని గంట రెండుసార్లు కొట్టాను.

బస్సు ముందుకు దూకింది. పిల్లల్లో అందరికంటే చిన్నది, ఏడో తరగతి పిల్ల, బస్సు వెంట పరుగెత్తింది. రేకు మీద అరచేత్తో టపటపా కొడుతూ చాలా దూరం వచ్చింది. తలుపు దగ్గర మనుషుల సందులోంచి నాకు ఆమె ముఖం కనిపించింది. ఏడవడం లేదు. ఎవరో తెలిసినవాళ్ళు పొరపాటున వదిలేసి పోతున్నారు, పిలిస్తే ఆగుతారు అన్నట్టు ఉంది ఆ ముఖం. చెప్పు బురదలో ఇరుక్కుని ఆమె ఆగిపోయింది. వానలో ఆమె చిన్నగా అయిపోయింది.

మరునాడు వాన లేదు, జనం తక్కువ. గుంపు దారి దగ్గర ఆపాను. అందరికంటే పెద్దపిల్ల చివర ఎక్కింది. పదిహేడేళ్ళుంటాయి, ఇంటర్ చదువుతోంది. సన్నటి మనిషి, నూనె రాసి బిగించి వేసిన జడ. చంకలో ఒక పొడుగాటి నోట్‌బుక్కు. నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, నిన్న ఆపలేదు. ఎందుకో చెప్తరా? రాసుకుంట."

"ఏం రాసుకుంటవ్?"

"బస్సు ఆగిన రోజు ఆగిందని రాస్త. ఆగని రోజు ఆగలేదని రాస్త. ఎందుకు ఆగలేదో గూడ రాయాలె గదా."

నాకు కోపం వచ్చింది. "నువ్వేమన్న చెకింగా? నీకు చెప్పాల్నా? పోయి కూసో!" అని అరిచాను. ముందు సీట్లలో వాళ్ళు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, అలగలేదు. అక్కడే కడ్డీకి ఆనుకుని, బస్సు ఊగుతుంటే ఊగుతూ, ఏదో రాసుకుంది. ఏం రాశావని అడిగాను. నోట్‌బుక్కు తిప్పి చూపించింది. తారీఖు, దాని కింద గుండ్రటి అక్షరాలతో: "నువ్వేమన్న చెకింగా, నీకు చెప్పాల్నా, పోయి కూసో అన్నరు."

డ్రైవరన్న ఆ రోజు మండల కేంద్రం వచ్చేదాకా భుజాలు కదిలిస్తూ నవ్వుతూనే ఉన్నాడు.

తరవాత తరవాత ఆమెతో మాటలు కలిశాయి. పిల్లలు హైస్కూలు దగ్గర దిగిపోయాక ఆమె కాలేజీ దాకా ఇంకో రెండు స్టేజీలు ఉండేవి. ఒకరోజు నా పక్కన కూర్చుంటే అడిగాను, నీకెందుకమ్మా ఈ రాతకోతలు, నువ్వు చదువుకుంటున్నావు కదా అని. 

"ఐదో తరగతిల మేం పదకొండు మంది ఆడపిల్లలం ఉంటిమి మేడం. ఆరుకు ఏడుగురం అయినం. పదికి ఇద్దరం. ఇంటర్‌కి నేనొక్కదాన్నే వచ్చిన. మిగిలినోళ్ళు ఏమన్న సదువు రానోళ్ళా? లెక్కలల్ల నాకంటే మంచిగ చేసేటోళ్ళు ఉండిరి. బస్సు ఆగకపోతే వాపస్ ఇంటికి పోవుడు. వారంల మూడు రోజులు ఇంట్ల ఉంటే నాయన అంటడు, ఇగ సాలు తియ్, తునికాకుకు రా అని. గట్లనే ఒక్కొక్కలు..." నోట్‌బుక్కు మూసింది. "ఒక్కదాన్నే బస్సెక్కాలంటే మంచిగనిపియ్యదు మేడం" అంది.

ఆమె గురించి ఎవరైనా పొగుడుతూ మాట్లాడితే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఆమె పోరాటమంతా అక్కడి నుంచే మొదలయింది. తోడు లేకపోవడం ఆమెకు నచ్చలేదు.

ఆమె మొదట డిపోకు అర్జీ పెట్టింది. జవాబు రాలేదు. ఇంకోటి పెట్టింది. తరవాత, అర్జీలు తీసుకునే సోమవారాల్లో కాలేజీ మానేసి భద్రాచలంలో గిరిజన సంక్షేమ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి మా డిపోకు కాగితం వచ్చినట్టుంది. ఒకరోజు డిపో మేనేజరు, డీఎం సారు, ఆమెను పిలిపించారు. సెలవు చీటీ ఇవ్వడానికి వెళ్ళిన నేను గది బయటే ఉన్నాను. మా డీఎం సారు చెడ్డ మనిషి కాదు. ఉన్న బస్సులు తక్కువ, అడిగే ఊళ్ళు ఎక్కువ.

"చూడమ్మా, ప్రతి మలుపు కాడ ఆపితే బస్సుకు పొద్దుగూకుతది" అన్నారు.

"చదువుకునే హక్కు ఉన్నదంటరు గదా సార్" అంది ఆ పిల్ల.  "హక్కు బడి కాడ ఉన్నది. మేం గుంపు కాడ ఉన్నం. నడిమిట్ల పద్నాలుగు కిలోమీటర్లు ఉన్నయ్ సార్."

 చివరికి డీఎం సారు సర్వే చేయిస్తానన్నారు. ఒక సోమవారం పొద్దున చెకింగ్ సారు మా బస్సులోనే వచ్చి, గుంపు దారి దగ్గర ఎంతమంది ఎక్కుతున్నారో స్వయంగా చూసి రిపోర్టు రాస్తారు. ఆ రిపోర్టును బట్టి స్టేజీ.

సర్వే తారీఖు పెట్టినవాళ్ళకు మిరప కోతల సంగతి గుర్తులేదు. నాకూ గుర్తులేదు. చలికాలం ముదిరాక ఒక శనివారం గుంపు దారి దగ్గర ఆ పిల్ల ఒక్కతే నిలబడి ఉంది. ఎక్కి ఇంజను పక్క సీట్లో కూర్చుంది. నోట్‌బుక్కు తెరవలేదు.

"మిగిలినోళ్ళేరి?"

"లేరు మేడం. మేస్త్రీ వచ్చి ట్రాలీ ఆటోల్ల అందర్ని తీస్కపోయిండు. కల్లూరు దిక్కు మిరపకాయ ఏరబోయిండ్రు, తల్లులతోటి. ఎల్లుండి సర్వే. నేనొక్కదాన్నే ఎక్కుత, సార్ ఒకటి అని రాసుకుంటడు."

డ్రైవరన్న అద్దంలోంచి నన్ను చూశాడు. ఆ చూపులో ఏమీ లేదు, మామూలుగానే చూశాడు. కానీ వానలో ఆ పొద్దున చూసిన చూపు గుర్తొచ్చింది నాకు.

"రేపు నాకు ఆఫ్ ఉన్నది. పోదాం పా" అన్నాను.

ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరాం. ఆ పిల్ల, నేను. రెండు బస్సులు మారి, ఆటోలో పొలాల మధ్యకు వెళ్ళేసరికి పొద్దెక్కింది. చర్చి మానేసి మిరపచేనుకు పోవడం నా జన్మలో అదే మొదలు. దూరం నుంచి చూస్తే నేల మీద ఎవరో ఎర్రటి చీరలు వరసగా ఆరేసినట్టుంది. దగ్గరికి పోతే కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు. గాలి ఘాటుగా ఉంది, కళ్ళ వెంట నీళ్ళు. ఆ నీళ్ళలోంచి చూస్తే చేనంతా కదులుతోంది. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు, పిల్లలు, ఎవరు ఎవరో తెలియకుండా, వంగిన నీడల్లా సాళ్ళ మధ్య పోతున్నారు. ఆ పిల్ల కోయ భాషలో గట్టిగా ఒక కేక వేసింది. నీడలు నిటారుగా నిలబడ్డాయి. గుడ్డలు ఒక్కొక్కటే కిందికి దిగి, నాకు రోజూ బస్సులో కనిపించే ముఖాలు బయటపడ్డాయి.

చిన్నపిల్ల గట్టు మీద కూర్చుని ఉంది. వేళ్ళు మండుతున్నాయని బొచ్చెలో నీళ్ళు పోసుకుని చేతులు రెండూ అందులో ముంచి పెట్టుకుంది. నన్ను చూసి గుర్తుపట్టలేదు. వాళ్ళమ్మ గుర్తుపట్టింది. కోయ తల్లులు ఎంత పెద్ద ఆఫీసరునైనా నువ్వనే అంటారు. ఆమె నా దాకా నడిచొచ్చి నిలబడింది.

"నువ్వు బస్సుల ఉంటవ్ గదా?"

"అవ్."

"వానల నా బిడ్డ బస్సెనక ఉరికొచ్చింది. అప్పుడు గంట కొట్టింది నువ్వేనా?"

అబద్ధం చెప్పడానికి చోటుంది. మా బస్సుకు ఇద్దరు కండక్టర్లం మారుతుంటాం. కానీ పెద్దపిల్ల నోట్‌బుక్కు పక్కనే ఉంది.

"నేనే" అన్నాను.

ఆమె తిట్టలేదు.  "మల్ల కొట్టవా?"

"కొట్టను."

"నువ్వు లేని నాడో?"

 నా ఉద్యోగం ఇంకా రెండేళ్ళు కూడా లేదు. నేను రాని రోజులు, నేను పోయిన తరవాత రోజులు, వాటికి నేనెట్లా మాటిస్తాను? అంతమంది ఎదురుగా నిలబడితే, ఇన్నేళ్ళ సర్వీసు ఉండి కూడా, నా చేతిలో ఏమీ లేదనిపించింది. పెద్దపిల్లే ముందుకొచ్చి జవాబు చెప్పింది. "అందుకనే గదా అత్తా కాగితం మీద రాపిచ్చుకుందామంటున్న. కాగితం మీద ఉంటే ఎవలు లేకున్న బస్సు ఆగాలె."

తల్లులు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. మేస్త్రీ వచ్చి గొణిగాడు. పొద్దు వాలేదాకా మాటలు సాగాయి. చివరికి ముగ్గురిని పంపడానికి ఒప్పుకున్నారు. చిన్నపిల్లను పంపలేదు. వాళ్ళమ్మ ఒక్కతే సంపాదించి తెచ్చే ఇల్లు అది, రెండు చేతులు తగ్గితే కుదరదు. మేము వస్తుంటే ఆ చిన్నపిల్ల గట్టు మీద నిలబడి తడిచేయి ఊపింది. నేను చెయ్యి ఊపలేకపోయాను.

సోమవారం పొద్దున పొగమంచు. నా సర్వీసులో అంత మంచు ఎప్పుడూ చూడలేదు. డ్రైవరన్న ఎద్దుబండి తోలినట్టు తోలాడు. పాట కూడా పాడలేదు. చెకింగ్ సారు ముందు సీట్లో, మఫ్లరు చుట్టుకుని, ఒళ్ళో ప్యాడ్ పెట్టుకుని కూర్చున్నారు. ఆయన మాట తక్కువ, రూలు ఎక్కువ మనిషి అని పేరు. బస్సు నిండా జనం, కానీ ఒక్కరూ మాట్లాడడం లేదు. చలికి ఒకరి భుజం మీద ఒకరు వాలి కునుకుతున్నారు. అద్దాల బయట తెల్లటిది తప్ప ఏమీ లేదు. బస్సు నడుస్తోందో నిలబడిందో కూడా తెలియడం లేదు. ఏ ఊళ్ళు దాటామో, ఎంతసేపు అయిందో మరిచిపోయాను.

బండి ఆగింది. "గుంపు దారి" అన్నాడు డ్రైవరన్న.

సారు తలుపులోంచి వంగి చూశారు. దారి లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. "ఎవరూ లేరు గదమ్మా. రైట్ చెప్పు" అన్నారు.

నా చెయ్యి తాడు దాకా పోయింది. అది అలవాటు. చేతిని దించాను. "హోల్డాన్" అన్నాను, మెల్లగానే.

"లేటయిందమ్మా ఇప్పటికే."

"మంచుల కండ్లకు కనపడరు సార్. జర ఆగుదాం, ఇనపడుతరు."

డ్రైవరన్న ఎవరూ చెప్పకుండానే ఇంజను బంద్ చేశాడు. అంత నిశ్శబ్దం బస్సులో నేనెప్పుడూ వినలేదు. టేకాకుల మీది నుంచి మంచు టప్ టప్ మని పడుతోంది. వెనక సీట్లో ఎవరిదో కోడి ఒకసారి రెక్కలు కొట్టుకుంది. సారు గడియారం చూసుకున్నారు, మళ్ళీ చూసుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపు దూరంగా మాటలు వినిపించాయి. ఆడపిల్లల మాటలు. ఎటు నుంచి వస్తున్నాయో తెలియడం లేదు, మంచే మాట్లాడుతున్నట్టుంది. కాసేపటికి అందులోంచి ఆ పిల్ల బయటికొచ్చింది. వెనక ముగ్గురు. వాళ్ళ వెనక ఇంకా వస్తున్నారు, పొట్టి పొట్టి పిల్లలు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా. ఆ చివర ఒక ముసలమ్మ.

సారు దిగారు. ఆ పిల్ల పరుగెత్తి వచ్చింది, రొప్పుతోంది. "సార్, నేను, వీళ్ళు ముగ్గురు, ఎక్కుతం. కడమ ఐదుగురు మిరపచేండ్లకు పోయిండ్రు. ఇగ వీళ్ళు ఆరుగురు మా గుంపు బడిల నాలుగు, ఐదు సదివేటోళ్ళు. ఇంకొన్ని దినాలైతే వీళ్ళే ఎక్కుతరు. వీళ్ళను గూడ రాయండి సార్."

"ఎక్కినోళ్ళనే రాయాలె" అన్నారాయన.

"ఎక్కుతరు సార్. జూన్ వస్తే ఐదుల ఉన్నోళ్ళు, ఆ మీది జూన్‌కు కడమోళ్ళు. బస్సు ఆగుతదని తెలిస్తే ఎక్కుతరు. ఆగదని తెలిస్తే వీళ్ళు గూడ మిరపచేండ్లకే."

ముసలమ్మ కోయలో ఏదో అంది. ఆ పిల్ల తెలుగులో చెప్పింది: "మా అవ్వ అడుగుతున్నది సార్, నీకు బిడ్డలున్నరా అని."

సారు పొట్టిపిల్లల వైపు చూశారు. వాళ్ళు బస్సునే చూస్తున్నారు, దగ్గరి నుంచి అంత పెద్ద బస్సును మొదటిసారి చూసినట్టు. ఆయన వచ్చి సీట్లో కూర్చుని ప్యాడ్ మీద నాలుగు అని రాశారు. నాకు కనిపించింది.  బస్సు కదిలాక ఆయన ఆ పిల్ల వైపు చెయ్యి చాపి, "ఆ బుక్కు ఇటియ్యి" అన్నారు. డిపో వచ్చేదాకా, ఆ పిల్ల కాలేజీ దగ్గర దిగిపోయాక కూడా, చదువుతూనే ఉన్నారు. తరవాతి వారం బుక్కు నా చేత వాపసు పంపారు.

వేసవి మొదట్లో కాగితం వచ్చింది. నలుగురు ప్రయాణికులకు స్టేజీ ఇవ్వడం వీలు కాదు. ఆ పిల్ల ఆ కాగితం నా ఎదుటే రెండుసార్లు చదివింది. మడిచి నోట్‌బుక్కులో పెట్టుకుంది. "సోమవారం భద్రాచలం పోత" అంది. పోయింది. పరీక్షలయ్యాక, ఎండలో, తునికాకు కోసిన చేతులతో, ప్రతి సోమవారం పోయింది. నేనూ డ్రైవరన్నా మా డ్యూటీలో గుంపు దారి దగ్గర ఆపకుండా ఒక్కరోజు కూడా రాలేదు. మిగతావాళ్ళకు కూడా చెప్పాం. కొందరు విన్నారు, కొందరు నవ్వారు.

బడులు తెరిచిన కొన్నాళ్ళకు డీఎం సారు నన్ను పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది ఆర్డరు: గుంపు దారికి స్టేజీ ఇచ్చారు, బడి రోజుల్లో తప్పకుండా ఆపాలి. చెకింగ్ సారు మొదటి రిపోర్టు పంపిన వారానికి, ఎవరూ అడక్కుండానే, రెండో రిపోర్టు రాశారట, వేసవిలో వద్దన్నాకే పైవాళ్ళు దాన్ని తెరిచి చూశారట. ఇవాళ ఎక్కినవాళ్ళు నలుగురు, ఎక్కలేనివాళ్ళు ఐదుగురు, ఎక్కబోయేవాళ్ళు ఆరుగురు అని. దానికి ఆ పిల్ల నోట్‌బుక్కు పేజీలన్నీ జెరాక్సు తీయించి జతచేశారు.

రెండో కాగితం నాకు మెమో. ఆ పేజీల్లో ఒకదాని మీద ఎర్ర గీత ఉంది. డీఎం సారు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు: "నువ్వేమన్న చెకింగా, నీకు చెప్పాల్నా, పోయి కూసో అన్నరు." తలెత్తి, "ఇది నువ్వన్న మాటేనా?"

"నేనన్న మాటే సార్."

"ప్రయాణికురాలితో దురుసు ప్రవర్తన. సంజాయిషీ రాసియ్యి."

ఆయన నవ్వు ఆపుకుంటున్నారో కోపంగా ఉన్నారో తెలియలేదు. ఏం రాయాలో తోచక, "అన్నమాట నిజం" అని ఒక్క వాక్యం రాసి సంతకం చేశాను. వానలో ఆ గంట కొట్టినందుకు మెమో రాలేదు. రూలు ప్రకారం అది తప్పు కాదు, ఆ రోజుకి అది స్టేజీ కాదు కదా. కాగితాలు తప్పుల్ని పట్టుకునే పద్ధతి అట్లా ఉంటుంది. అది మీకు కూడా అనుభవంలోకి వస్తుంది.

ఆ జూన్‌లో పొట్టిపిల్లల్లో ముగ్గురు బస్సెక్కారు. మిరపచేలకు పోయిన ఐదుగురిలో నలుగురు తిరిగొచ్చారు. చిన్నపిల్ల రాలేదు. పత్తి, ఆ తరవాత మిరప, తునికాకు, అట్లా ఒకదాని వెనక ఒకటి పనుల్లోనే ఉండిపోయింది. వాళ్ళింటికి ఆ పెద్దపిల్ల ప్రతి ఆదివారం పోతున్నానని చెప్పేది. ఎందుకు పోతావు, పంపట్లేదు కదా అంటే, "పోయి కూసుంట మేడం. అత్తతోటి చింతపండు గింజలు తీస్త. బడి మాట ఎత్తను" అనేది. నేను ఉద్యోగం దిగిపోయే నాటికి కూడా ఆ చిన్నపిల్ల బస్సెక్కలేదు. రిటైరయ్యే రోజు దండలు వేసి మంచిగా మాట్లాడారు. నాకు మాత్రం బస్సు రేకు మీద ఆ అరచేతి చప్పుడే వినిపిస్తూ ఉంది.

పోయిన జూలైలో డ్రైవరన్న వాళ్ళ ఊళ్ళో ప్రార్థన కూటానికి వెళ్ళి, మరునాడు పొద్దున అదే బస్సులో తిరిగి వస్తున్నాను. చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ పక్కన. ఖాకీ లేకపోతే మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు. సన్నగా వాన పడుతోంది. గుంపు దారి దగ్గర రేకుల షెడ్డు వేశారు. బస్సు ఆగింది. కండక్టరు కొత్త కుర్రాడు, హోల్డాన్ అని కూడా అనలేదు, ఆగడం దానంతటదే జరిగిపోయింది. పిల్లలు బిలబిలా ఎక్కారు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పాను.

పొడుగ్గా, రెండు జడలు వేసుకున్న పిల్ల ఒకతె నా సీటు దగ్గర నిలబడింది. "జర జరుగు అమ్మమ్మా" అంది. జరిగాను. కూర్చుంది. ముందు సీట్లోని పిల్ల వెనక్కి తిరిగి, ఆమెను పేరుపెట్టి పిలిచి, పెన్ను అడిగింది.

ఆ పేరు నాకు తెలుసు. ఒళ్ళో ఉన్న పుస్తకం చూశాను. ఎనిమిదో తరగతి. తోటి పిల్లలకంటే తల ఎత్తు పెద్దది.

"ఎందాక అమ్మమ్మా?" అని అడిగింది.

"బస్టాండు దాక బిడ్డా. నువ్వు?"

"బడికి. ఈ ఏడే మల్ల చేరిన. అక్క చేర్పిచ్చింది. డిగ్రీ సదువుతది గా అక్క, భద్రాచలంల."

చెప్పాలనుకున్నాను. నేనెవరో, ఆ వానలో ఏం చేశానో, ఆమె చెయ్యి ఊపితే నేనెందుకు ఊపలేదో.  ఆ పిల్ల ఆవలించింది. పొద్దున్నే లేచి నీళ్ళు తెచ్చి వచ్చి ఉంటుంది. పుస్తకం మూసి, రెండు మలుపులు తిరిగేలోపు కునుకు పట్టి, తల నా భుజం మీద ఆన్చింది. నేను కదలలేదు. బయట టేకు చెట్లు వానలో నిదానంగా వెనక్కి పోతున్నాయి. ఎంత దూరం పోయామో తెలియలేదు. బడి స్టేజీ వచ్చినప్పుడు చెంప తట్టి లేపాను. ఉలిక్కిపడి, నవ్వి, సంచి భుజాన వేసుకుని, మిగతా పిల్లల్ని తోసుకుంటూ దిగిపోయింది.

ఇంటికొచ్చి చూసుకుంటే నా చీర భుజం మీద ఆమె తలనూనె మరక. రెండు రోజుల దాకా ఆ చీర ఉతకలేదు.